కొండయూరి కాపురము

ఉద్యోగ విరమణకు దగ్గరపడిన గృహస్థులలో ననేకులకు నేడొక కోరిక కలుగుచున్నది. రద్దీయు, పొగయు, ఎండయు లేని యే కొండయూరనో, సరస్సు చెంత చిన్న యిల్లు కట్టుకొని శేషజీవితమును గడుపవలెనని వారి తలంపు. ఈ కోరికను మేము పరిహసింపము. వైశాఖమాసమున బెజవాడలో కాపురముండినవా రెవరును దానిని పరిహసింపజాలరు. అయినను మన ప్రశాంతికి మూల్యమును చెల్లించువారెవరు? ఈ ప్రశ్నను ఇల్లు కొనకముందే వేసికొనుట ధర్మము.

విచారణకు దృష్టాంతముగ నొక్క యూరిని గైకొందము. తమిళనాట పళని కొండలపై, సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల యెత్తున కొడైకెనాల్ కలదు. మధురలోని అమెరికా మిషనరీలు మైదానపు రోగములకు తాళలేక 1845లో అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. పలియరులను కొండజాతివారు అంతకు పూర్వమే ఆ యడవులలో జీవించుచుండిరి. యాత్రికులు మెచ్చు సరస్సు సైతము ప్రకృతి యిచ్చినది కాదు. 1863లో లెవింజి దొర నీటికి అడ్డకట్ట వేయించి దానిని నిర్మింపజేసెను. మోటారు దారి పడకపూర్వము దొరలును దొరసానులును కూలీల భుజములపై నెక్కి యా కొండను చేరిరి. కావున కొండమీది చల్లదనము ప్రకృతిదే యైనను, దానిని మన యనుభవమునకు దెచ్చినది పరుల శ్రమయే. ఆ మోత నేటికిని తీరలేదు. బోయీలకు బదులు లారీలు వచ్చినవి, అంతియే.

ఇంకొక సంగతి. 1980 తరువాత అమెరికానుండి ఉష్ణమాపకములు చేయు కర్మాగార మొకటి ఆ యూరికి తరలివచ్చెను. పాదరసముతో గూడిన వ్యర్థములు బయటపడగా 2001లో అది మూతపడెను. అందు పనిచేసిన 591 మందికి సంబంధించిన వివాదము పరిష్కారమగుటకు 2016వ సంవత్సరము రావలసివచ్చెను. పిదప యాత్రికుల వాహనముల తాకిడికి కొండదారులు నిండిపోగా, మదరాసు హైకోర్టు ఉత్తరువు ననుసరించి 2024 మే 7వ తేదీనుండి ఉదకమండలమునకును కొడైకెనాలునకును పోవు వాహనములకు అనుమతి పత్రమును విధించిరి. కర్మాగారము వారు లాభమునకై వచ్చిరి, యాత్రికులు వినోదమునకై వచ్చిరి, మనము విశ్రాంతికై పోవుదుము. ఉద్దేశములు వేరే, కాని కొండ మోయవలసిన బరువు ఉద్దేశమును బట్టి తగ్గదు.

“మన పెద్దలు వానప్రస్థమును విధింపలేదా?” అని యొకరడుగవచ్చును. విధించిరి. కాని వానప్రస్థుడు అవసరములను తగ్గించుకొని యడవికి పోయెను. మనమో, అవసరములన్నిటిని బండికెత్తి కొండపైకి మోయించుచున్నాము. రెండు కార్లు, మూడు స్నానపు గదులు, వచ్చిపోవు బంధువులకు వేరొక మేడ! దీనిని వానప్రస్థమనుట శబ్దమునకు అపచారము.

మఱియొక ప్రశ్న. మనము పారిపోవునది ఎండనుండియా, బాధ్యతనుండియా? మన వీధిలో మురుగు నిలిచినచో పురపాలక సంఘమున కర్జీ వ్రాయగలవారు, వ్రాయుట నేర్చినవారు మనమే. అట్టివారందరును కొండలకు పోయినచో, పోలేనివారి పక్షమున మాటాడు వారెవరు? వ్యాధివలననో, వైద్యుని సలహావలననో పోవలసినవారి విషయము వేరు. వారిని నిందించుట క్రూరత్వము. ఆరోగ్యవంతులు మాత్రము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనియే కదలవలెను.

ఇక సోదరీమణుల మాట. ఇట్టి నిర్ణయములు పెక్కిండ్ల పడకకుర్చీలో జరిగి, వంటయింటికి వార్తగా చేరుచున్నవి. ఆయనకు కచేరినుండి విరమణ లభించెను. ఆమెకు పొయ్యినుండి విరమణ యెక్కడిది? ముప్పది యేండ్లు కూర్చుకొన్న చెలిమి, పురిటికిని జబ్బుకును పరుగెత్తి వచ్చు ఇరుగుపొరుగు, నోరార మాటాడుకొను తెలుగు, ఇవియన్నియు ఆమె విడువవలసినవి. ముసురు పట్టిన నాళ్ళలో ఆరని బట్టలును, పరభాషలో బేరములును ఆమె పాలబడును. ఆయనకు ఏకాంతముగ తోచునది ఆమెకు ఒంటరితనము కావచ్చును. కావున ఈ విషయమున మొదటి మాట ఆమెది కావలెను. ఆమె వలదనినచో ఆ మాటకు కారణ మడిగి వాదింపక, దానినే తీర్పుగా గైకొనుట న్యాయము.

అట్లైన ఎవరును పోరాదా? పోవచ్చును. ఏ యూరును ముందుగ వచ్చినవారి సొత్తు కాదు. కాని యజమానులవలె గాక పొరుగువారివలె పోవలెను. ఇచ్చటి యిల్లు అమ్ముకొనక ముందు, పూవులు పూచిన వేసవిలో గాక, ఆశ్వయుజ కార్తికముల వానలలో అచ్చట నొక అద్దె యింట నుండి చూడవలెను. తమిళము నేర్వవలెను. కొత్త మేడ కట్టుటకంటె ఉన్న యింటిని బాగుచేసికొనుట మేలు. వాన నీటిని పట్టుకొని, చెత్తను తగ్గించుకొని, అచ్చటి బడిలో వారమునకు రెండు గంటలైన పిల్లలకు చదువు చెప్పవలెను. ఇంటిపని చేయువారికి మనమిచ్చు కూలి, ఆ చలిలో వారి పిల్లలకొక కంబళి కొనుటకు చాలునట్లుండవలెను.

ఇంతయు చేయుటకు సిద్ధపడినవారిని ఆ కొండ మోయగలదు. సిద్ధపడనివారు వేసవిలో నాలుగు దినములు చూచి దిగి వచ్చినచో ఊరికిని మేలు, వారికిని గౌరవము.