జనం అంటే ఎవరు?

పలివెలలో పుట్టిన నాకు నిజాం ఏమవుతాడు? ఏమీ కాడు. ఉత్తర సర్కారులు 1766లోనే కంపెనీ చేతికి పోయాయి. అయినా చిన్నప్పుడు ఆటలో తగాదా వస్తే నన్ను 'రజాకార్' అనేవాళ్ళు. నా పేరు చాలు.

అందుకే జనం తిరుగుబాట్ల గురించి చదివినప్పుడల్లా ఒకటే అడుగుతాను. హుకూమత్ కూలితే ఆ లెక్క ఎవరి దగ్గర వసూలు చేశారు?

తెలంగాణ రైతు లేచింది మతం మీదికి కాదు, దొర మీదికి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్న గూండాలు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ దేశ్‌ముఖ్ హిందువే. పోరాటం పక్షాన మఖ్దూం ఉన్నాడు. రజాకార్ల జులుంని 'ఇమ్రోజ్'లో ఉర్దూలోనే ఎండగట్టిన షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో నరికి చంపారు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. 1950లో నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. దొరలు చాలామంది గాంధీ టోపీ పెట్టుకుని ఊళ్ళకి తిరిగొచ్చారు. మరి గరీబు ముసల్మాన్లు? పోలీసు చర్యప్పుడూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా. గద్దె మీద కూర్చున్నవాడికి భరణం, గద్దె మొహం చూడనివాడికి శిక్ష.

గుంపు లేచిన ప్రతిసారీ అది తిరుగుబాటు కాదు. 2022 మే 24న మా అమలాపురంలోనూ వేలమంది రోడ్డెక్కారు. మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఎందుకు? జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని!

ఎంతమంది లేచారన్నది కాదు కొలత. మర్నాడు పొద్దున ఊళ్ళో ఏ ఆసరా లేనివాళ్ళు భయం లేకుండా తలుపు తీయగలిగారా? తీయలేకపోతే మారింది పాలకులే, పాలన కాదు.