అప్పన్న దేవుడైతే...

మా గజపతినగరం వైపు వీధికొక అప్పన్న ఉంటాడు. సింహాచలం స్వామి పేరు కదా, మగపిల్లాడు పుడితే చాలామందికి ఇంకో పేరు తోచదు. అందుకే ‘కొత్తపల్లిలో ఒకప్పుడు’ సినిమాలో వడ్డీవ్యాపారి పేరు అప్పన్న అని వినగానే నాకు నవ్వొచ్చింది. 2025 జూలైలో వచ్చిందీ సినిమా. పెద్ద తారలు లేరు, హంగామా లేదు. వచ్చిందీ వెళ్ళిందీ చాలామందికి తెలీనే తెలీదు. తీసినావిడ ప్రవీణ పరుచూరి, వృత్తికి గుండె డాక్టరు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మించింది ఆవిడే. దర్శకత్వం మాత్రం ఇదే మొదలు.

ఊళ్ళోవాళ్ళకి అప్పులిచ్చి వడ్డీలు పిండే అప్పన్న హఠాత్తుగా పోతాడు. ఆ వేషం రవీంద్ర విజయ్ వేశాడు. పోయినవాడు ఊరికే పోక దేవుడైపోతాడు! గుడి కట్టాల్సిందేనంటారు జనం. అతని దగ్గర పనిచేసిన రామకృష్ణ నిజానికీ నమ్మకానికీ మధ్య ఇరుక్కుని గిలగిల్లాడతాడు. మొక్కేవాళ్ళని వెక్కిరించకుండా నవ్వించడం నాకు నచ్చింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ చారెడు కళ్ళే వెండితో చేయించి విగ్రహానికి పెడితే నష్టమేమిటని మీరడగొచ్చు. మనుషులు దేవతలవడం మనకి కొత్తా? విజయనగరం పైడితల్లమ్మ రాజుగారి చెల్లెలే అంటారు. 1757లో బొబ్బిలి యుద్ధంనాడు అన్నగారు పోతే, ఆ దుఃఖంతో పెద్దచెరువులో కలిసిపోయిందని కథ. అటు విజయనగరం కోటకీ ఇటు బొబ్బిలి కోటకీ నడుమ ఊరు మాది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను చూడ్డానికి పిల్లాజెల్లాతో బయల్దేరనిదెవరు? ఆ చెరువులో ఏం జరిగిందో సాక్ష్యం తెమ్మని నేనడగను. ఆవిడకి మొక్కితే ఎవరి నోరూ నొక్కినట్టు కాదు. ఒక ఆడపడుచు దుఃఖాన్ని ఊరంతా తలకెత్తుకుంది, అంతే.

అప్పన్న సంగతి అలా కాదే! పుస్తెలు తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయిన ఇల్లాలు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. వడ్డీవాడు బతికున్నన్నాళ్ళూ కనీసం శాపనార్థాలైనా పెట్టుకోగలదు. వాడే దేవుడైతే? తిట్టుకుంటే పాపం! హుండీలో వెయ్యకపోతే అపచారం! పుస్తెలు రాలేదు సరికదా, ఏడ్చే హక్కు కూడా పోయింది.

భక్తి గొప్పదా, హేతువు గొప్పదా అని మగవాళ్ళని అరుగుల మీద తెల్లవార్లూ వాదించుకోనివ్వండి. కొత్తగా గుడి వెలిసిందంటే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఈయన బతికుండగా ఈయన వల్ల ఏడ్చినవాళ్ళు ఈ వరసలో ఎక్కడ నిలబడ్డారు? వాళ్ళ చేత కూడా కొబ్బరికాయ కొట్టించేశారా?