ఆట మనకా, మనము ఆటకా?

ధ్యాన భాగములు: జెకర్యా 8:4, 5, 1 కొరింథీయులకు 6:12



మన సంఘములలోని పెద్దలు తరచుగా ఒక బాధ చెప్పుకొనుచున్నారు: పిల్లలు ఎప్పుడు చూచినను ఫోనులో వీడియో గేములు, జపాను అనిమేలు, తెలుగు బైబిలు తెరచుట లేదు. నేనును ఆలాగే సణిగినవాడను. ఒక వేసవి సెలవులలో కుటుంబ ప్రార్థన వేళ గేము ఆపలేదని మనుమని చేతిలోని ఫోను లాగుకొంటిని. వాడు మూడు దినములు నాతో మాటలాడలేదు. ఆ ఆదివారము మందిరమునకును రాలేదు. ఫోను నా చేతికి వచ్చెను గాని మనుమడు చేయి జారుచున్నాడని నాకు భయము పుట్టెను.

అప్పుడు లేఖనములు తెరచితిని. దేవుడు యెరూషలేమును బాగుచేయుదునని జెకర్యా ద్వారా చెప్పినప్పుడు, ఆ వీధులలో చేతికర్రలు పట్టుకొనిన వృద్ధులున్నారు. ఆటలాడు పిల్లలును ఉన్నారు. ఆట ఆశీర్వాదమునకు గురుతు. అయితే వృద్ధులు ఆ పిల్లలకు దూరముగా లేరు.

సమ్సోను విందులో విప్పుడు కథ వేసెను. షేబ దేశపు రాణి చిక్కు ప్రశ్నలతో సొలొమోను నొద్దకు వచ్చెను. 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అను పేర్లు మీరు చూచియున్నారు గదా? అవి హెబ్రీ అక్షరములు. 22 అక్షరములు, ఒక్కొక్క దానితో మొదలగు 8 వచనములు, మొత్తము 176. ఎంత ఓపికతో కూర్చిన అక్షరముల అల్లిక!

అయినను పౌలు ఒక హద్దు చూపెను. అనుమతి ఉన్నదైనను దేనికిని తాను లోబడనని ఆయన నిశ్చయించుకొనెను. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్ ఆటలో ముక్కలు పడుచునే యుండును. ఆడువాడు ఓడినప్పుడే ఆట ముగియును. అట్టి ఆటకు ముగింపు మనమే పెట్టవలెను. నిద్రను, చదువును, ప్రార్థనను మ్రింగునది ఇక ఆట కాదు, యజమానుడు. ఈ మాట రాత్రి వరకు టీవీ సీరియళ్లు చూచు పెద్దలకును వర్తించును.

నేను మనుమని క్షమాపణ అడిగి వాని ప్రక్కన కూర్చుంటిని. వాడు మియజాకి తీసిన 1988 నాటి టొటోరో చిత్రము చూపెను. తల్లి ఆసుపత్రిలో నున్న ఇద్దరు అక్కచెల్లెండ్ర కథ అది. నా కన్నులు చెమర్చెను. అనిమేలన్నియు పిల్లలకు తగినవి కావు. ప్రక్కన కూర్చుండనిదే ఏది తగునో మనకెట్లు తెలియును?

తరువాత ఇద్దరము బైబిలు పేర్లతో గళ్ళ నుడికట్టు తయారుచేసితిమి. చెన్నైలో పుట్టి తమిళము, ఇంగ్లీషు చదివిన వాడు, "తాతయ్యా, ఇంగ్లీషులో క్రీస్తుకు ఆరు గళ్ళు, తెలుగులో రెండేనా?" అని అడిగెను. క్రీ, స్తు. ఆ రెండు గళ్ళలో వాడు ఒత్తులు నేర్చుకొనెను. ఇప్పుడు సండేస్కూలు పిల్లలకు వాడే నుడికట్టులు కూర్చుచున్నాడు.

ప్రియులారా, ఈ వారము మీ ఇంటి బిడ్డ ఆట నొకటి అడిగి నేర్చుకొనుడి. ప్రార్థన వేళకు ఫోనులన్నియు, మీవి మొదట, ప్రక్కన పెట్టుడి. వృద్ధులును పిల్లలును ఒకే వీధిలో నుండు ఆ ఆనందమును ప్రభువు మన గృహములకు దయచేయును గాక. ఆమేన్.