చిత్రతురగమూ సాక్ష్యమూ

చిత్రంలోని గుర్రాన్ని చూసినప్పుడు కలిగే జ్ఞానం ఎటువంటిదో ప్రాచీన ఆలంకారికుడు శ్రీశంకుకుడు సూక్ష్మంగా వివేచించాడు. అది యథార్థజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సందేహం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. అయినా చూపరి దానిని గుర్రమనే అంటాడు. నటుని గురించి చెప్పిన ఈ చిత్రతురగ న్యాయం, చిత్రకారునికీ చూపరికీ నడుమ ఉన్న ఒక ఒడంబడికను కూడా తెలుపుతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ మోసగించడం లేదు.

ఛాయాచిత్రంతో మన ఒడంబడిక వేరు. అందులోని గుర్రం ఏనాడో ఒకనాడు కెమెరా ఎదుట నిలిచి ఉండాలి. ఆ నమ్మకం వల్లనే ఛాయాచిత్రానికి సాక్షి గౌరవం దక్కింది. మరి ఈ రెండింటినీ పొరలు పొరలుగా కలిపి ఒకే చిత్రంగా మలచే కళాకారుడు ఏ ఒడంబడికకు కట్టుబడాలి?

ఈ కలయిక కొత్తదేమీ కాదు. 1858లో ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లను కలిపి, మరణశయ్యపై ఉన్న యువతి దృశ్యాన్ని కూర్చాడు. మన దేశంలోనూ పంతొమ్మిదవ శతాబ్దంలోనే ఛాయాచిత్రాలపై కుంచెతో రంగులద్దేవారు. అయితే 1994లో ఫొటోషాప్‌లో పొరల సౌకర్యం వచ్చిన తరువాత, అతుకును కంటికి కనబడకుండా చేయడం అందరికీ సులభమైంది.

ఇందులోని నైతిక సమస్యకు కలకత్తా సమీపంలో హుగ్లీ తీరాన ఉన్న బడ్జ్ బడ్జ్ చక్కని నిదర్శనం. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన ‘కొమగాటా మారు’ నౌకను, అత్యధికులను దిగనీయకుండానే, రెండు నెలల తరువాత కెనడా ప్రభుత్వం వెనుకకు పంపింది. సెప్టెంబరు 29న ఆ నౌక బడ్జ్ బడ్జ్ చేరింది. ఆనాటి కాల్పులలో సుమారు 20 మంది ప్రయాణికులు మరణించారు. తప్పు ప్రయాణికులదేనని బ్రిటిష్ ప్రభుత్వం వాదించింది. నౌకను అద్దెకు తీసుకున్న గురుదిత్ సింగ్ ఆ కథనాన్ని అంగీకరించలేదు.

నౌకపై నిలిచిన ప్రయాణికుల ప్రసిద్ధ ఛాయాచిత్రాలు వాంకూవర్ రేవులో తీసినవి. నేటి కళాకారుడొకరు ఆ ముఖాలను హుగ్లీ తీరపు సంధ్యాకాశంపై పొదిగి, వాటి చుట్టూ చీకటిని చిత్రించాడనుకుందాం. అది శోకగీతం కాగలదు. కానీ ఆ గుంపులో ఒక చేతికి రివాల్వర్ తగిలిస్తే? లేదా ప్రయాణికులందరినీ మోకరిల్లినట్లు చిత్రిస్తే? కుంచె అక్కడ విచారణ లేకుండానే తీర్పు చెప్పినట్లవుతుంది. పైగా ఆ తీర్పుపై కెమెరా సంతకం ఉంటుంది. మరణించినవారు లేచి వచ్చి కాదనలేరు.

కెమెరా మాత్రం నిష్పక్షపాతమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎవరిని, ఏ కోణం నుండి, ఎప్పుడు చూపాలో కెమెరా వెనుక ఉన్న మనిషే నిర్ణయిస్తాడు. తిరస్కృతులను తిరస్కరించిన నగరం చూసిన చూపు ఆ ఛాయాచిత్రాలలో ఉండవచ్చు. ఆ చూపును సవరించే హక్కు కళకు ఉంది. కాని సవరిస్తున్నానని చెప్పవలసిన బాధ్యత కూడా ఉంది.

ఈ బాధ్యతను నిర్వర్తించిన కృతి ఒకటి మన కళాచరిత్రలో ఉంది. అమృతా షేర్‌గిల్ చెల్లెలి కుమారుడైన వివాన్ సుందరం, తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఛాయాచిత్రాలనూ అమృత చిత్రాలనూ కంప్యూటర్‌పై మేళవించి 2001-02లో ‘రీ-టేక్ ఆఫ్ అమృత’ శ్రేణిని రూపొందించాడు. వేర్వేరు కాలాల మనుషులు అందులో ఒకే గదిలో కలుసుకుంటారు. తిరిగి తీసినదని పేరే చెబుతున్నది. కనుక చూపరి మోసపోడు. కుటుంబస్మృతి ఎలా అల్లుకుంటుందో ఆలోచిస్తాడు.

కళాకారుడు దుఃఖాన్నీ నిరీక్షణనూ ఎంతైనా చిత్రించవచ్చు. వివాదంలో ఉన్న నేరాన్ని మాత్రం ఛాయాచిత్రం చూసినట్లుగా చూపరాదు. ఇటువంటి కృతులను సేకరించే ప్రదర్శనశాలలకూ ఒక కర్తవ్యం ఉంది. పొరలు చేరని మూల ఛాయాచిత్రాన్ని, తీసిన స్థలంతో, సంవత్సరంతో సహా ఆ కృతి పక్కనే ఉంచాలి. అప్పుడు గుర్రమేదో, చిత్రతురగమేదో చూపరి తానే తెలుసుకోగలడు.