గాజు గోడల్లో మత్స్యన్యాయం

మత్స్యన్యాయం అనే మాట మనకు చాలా పాతది. పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు లోకంలో బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడని దాని అర్థం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ పోలిక వచ్చే సందర్భం గుర్తు చేసుకోదగ్గది. దండం పట్టేవాడు లేనప్పుడు లోకం ఇలా తయారవుతుందని చెప్పడానికి ఆయన చేపల్ని ఉదాహరణగా తెచ్చాడు. నా ప్రశ్న దీనికి తలకిందులుగా ఉంటుంది. దండం పట్టేవాడు ఉన్న నీళ్ళలో కూడా అదే జరుగుతుంటే దాన్నేమనాలి? గోడలు కట్టినవాడు, నీళ్ళు పోసినవాడు, ఏ చేప పక్కన ఏ చేప ఉండాలో ఏరి తెచ్చినవాడు ఎదురుగా కుర్చీలో కూచుని కాఫీ తాగుతూ చూస్తుంటే, అప్పుడు కూడా ఆ నేరం చేపలదేనా?

ఈ ప్రశ్న నాకు డిస్కస్ చేపల వల్ల వచ్చింది. నేనుండేది మలేసియాలో, పినాంగ్ దీవిలో. డిస్కస్ పెంచేవాళ్ళకి ఈ ఊరి పేరు చెప్పనక్కర్లేదు. దీని స్వస్థలం అమెజాన్ నది పరీవాహక ప్రాంతం. 1840లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హెకెల్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉంటుంది. బాగా పెరిగితే జానెడు. ఎరుపు, నీలం, పసుపు, పాముచర్మం లాంటి చుక్కలు... ఇప్పుడు అంగళ్ళలో కనిపించే రంగుల్లో చాలావరకు నదిలో పుట్టినవి కావు, పెంపకందార్లు తరాల తరబడి జతలు కలిపి సాధించినవి. పినాంగ్‌లో అలాంటి పెంపకం కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. మా ఇంట్లో ఉన్నవి కూడా ఇక్కడి తొట్లలో పుట్టినవే. వాటి తాతముత్తాతలు కూడా అమెజాన్ చూసి ఉండవు. కాబట్టి "పాపం, నదిలోంచి పట్టుకొచ్చారు" అని నన్నెవరూ అనలేరు. అలాగని నా బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. నదిలోంచి వచ్చిన చేపకు ఒకప్పుడు నది అంటూ ఉండేది. దీనికి నేను పెట్టిన తొట్టి తప్ప వేరే లోకం లేదు.

డిస్కస్‌తో ఆక్వేరియం మొదలుపెట్టడంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చేప రాకముందే దాని పట్ల మన ధర్మం మొదలవుతుంది. కొత్త ట్యాంకులో తళతళలాడే నీళ్ళు చేపకు విషంతో సమానం. చేప విసర్జించేదాంట్లోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చేవి మరికొన్ని. ఇవి ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఖాళీ ట్యాంకులో చుక్కలు చుక్కలుగా అమ్మోనియా వేస్తూ, నీళ్ళు పరీక్షిస్తూ ఉండాలి. ఇంటికొచ్చినవాళ్ళు "చేపలేవండీ?" అని అడుగుతారు. పెళ్ళివారు దిగకముందే విడిదింట్లో నీళ్ళూ పక్కలూ అమర్చి ఉంచినట్టే ఇదీను. చేపల్ని ముందు తెచ్చేసి తర్వాత ప్రేమగా చూసుకుందాం అనుకుంటే, ఆ ప్రేమ చేరేలోపు చేప మొప్పలు కాలిపోతాయి. నీళ్ళ వేడి 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. ఇక్కడి ఎండకు హీటరుకు పెద్దగా పనుండదు, ఏసీ గదిలో పెడితేనే కావాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. డిస్కస్ కొనేవాళ్ళకి అనుభవజ్ఞులు చెప్పే మొదటి సూత్రం: ఒకటీ రెండూ కొనకు, కనీసం ఆరు కొను, అన్నీ ఒకే చోట, ఒకేసారి, ఒకే ఈడువి కొను. ఒకే చోట కొనమనడం రోగాల భయం వల్ల. ఆరు కొనమనడానికి రెండు కారణాలు. మొదటిది, ఇది గుంపులో ఉండే చేప. ఒంటరిగా పెడితే బెదిరిపోయి, నల్లబడి మూల చేరుతుంది. రెండోది వినగానే నాకు కాస్త గుచ్చుకుంది. వీటిలో పెద్దరికం కోసం పోరాటం ఉంటుంది. పైది కిందిదాన్ని తరుముతుంది, అది దాని కిందిదాన్ని. రెండే ఉంటే దెబ్బలన్నీ ఒకదానికే పడతాయి. ఆరుంటే దెబ్బలు పంచుకుంటాయి.

దెబ్బలు పంచడం కోసం ప్రాణుల సంఖ్య పెంచడం న్యాయమేనా? లెక్క ప్రకారం చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. ఒకటి చచ్చే బదులు అయిదు తలా కాస్త ఓర్చుకుంటాయి. పైగా తరిమేదానికి లక్ష్యం మారుతూ ఉంటే కోపం కూడా నిలవదు, మొత్తం మీద దెబ్బలే తగ్గుతాయి. కానీ పంపకం సమానంగా జరగదు. నా ట్యాంకు నాలుగడుగులది, సుమారు 300 లీటర్లు. ఎదిగిన చేప ఒక్కోదానికి 40 లీటర్లు ఉండాలని ఒక లెక్క ఉంది, ఆ లెక్కన ఆరింటికి చోటు సరిపోతుంది. అయినా మూడు వారాలు తిరిగేసరికి ఆరోది ఎవరో తెలిసిపోయింది. మేత వెయ్యగానే అయిదు చేపలు పైకొస్తే అది ఫిల్టరు గొట్టం వెనకాల నిలబడేది. ఒళ్ళు నల్లబడింది, రెక్కలు ముడుచుకుంది. నుదురు సన్నబడి, కత్తి అంచులా తేలింది. డిస్కస్ విషయంలో ఇది ఆకలి గుర్తు.

ఇక్కడే చాలా ఏళ్ళుగా చేపలు పెంచుతున్న ఒక తెలుగు మిత్రుడు చూసి, "అది వాటి ప్రకృతి గురువుగారూ. మనం మధ్యలో దూరకూడదు. ఏది నిలబడాలో అవే తేల్చుకుంటాయి," అన్నాడు. ఆయన కఠినాత్ముడేమీ కాదు. చేప పోతే రెండు రోజులు దిగులుగా ఉంటాడు. అయినా ఆ మాట నాకు లోపలికి దిగలేదు.

నదిలో కూడా పెద్ద డిస్కస్ చిన్నదాన్ని తరుముతుంది, నిజమే. కానీ అక్కడ తరమడానికి ఒక ముగింపు ఉంది. తరిమించుకున్నది మునిగిన చెట్ల వేళ్ళ మధ్యకి దూరిపోతుంది, ఇంకో గుంపులో కలుస్తుంది, వాన నీళ్ళు పెరిగితే అడవిలోకే ఈదుకుపోతుంది. నా ట్యాంకులో అది నాలుగడుగులు ఈదితే గాజు తగులుతుంది. తరిమేది చేప ప్రకృతి. పారిపోలేకపోవడం మాత్రం నా చేతిపని. ఆ రెండూ కలిస్తే జరిగేదాన్ని ప్రకృతి అనడం అబద్ధం. నీళ్ళ వేడి నేను నిర్ణయించాను, పగలూ రాత్రీ నేను స్విచ్చితో నిర్ణయించాను, ఇరుగుపొరుగుని నేను నిర్ణయించాను. ఇన్నీ చేసి, చావు ఒక్కటీ ప్రకృతి ఖాతాలో రాస్తానంటే లెక్క కుదరదు.

మరి ఏం చెయ్యాలి? తెచ్చిన చోటుకే తిరిగి ఇచ్చెయ్యొచ్చు. నల్లబడి బక్కచిక్కినదాన్ని అక్కడ ఎవరు కొంటారు? కళ్ళముందు నుంచి తప్పించడం అవుతుందే గాని కాపాడటం కాదు. వాగులో వదలొచ్చంటారు కొందరు, పుణ్యమని కూడా అంటారు. అమెజాన్ నుంచే వచ్చిన పీకాక్ బాస్ అనే చేప మలేసియాలో పాత తగరపు గనుల గుంటల్లో స్థిరపడి, అక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. ఒక ప్రాణి మీద జాలితో వంద ప్రాణుల మీద అన్యాయం చెయ్యడం పుణ్యమెలా అవుతుంది? పైగా తొట్టిలో పుట్టిన డిస్కస్ వాగులో బతికే ఆశా తక్కువే.

భాగవతంలో సత్యవ్రతుడి కథ మనందరికీ తెలిసిందే. దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల, నదిలో వదిలితే పెద్దవి తినేస్తాయి, కాపాడమంటుంది. ఆయన కమండలంలో పెడతాడు. అది పెరుగుతుంది. ఇంకా పెద్ద పాత్రలోకి, అక్కణ్ణించి కొలనులోకి, చివరికి సముద్రానికి. సముద్రంలో వదలబోతే అక్కడ మకరాలున్నాయి, వదలొద్దంటుంది. ప్రళయమూ అవతారమూ పక్కన పెట్టి చూస్తే, ఆ కథలో ఒక పెంపకందారు పడే పాట్లు నాకు కనిపిస్తాయి. ఒకసారి "సరే, కాపాడతాను" అన్నాక, పాత్ర చాలనప్పుడల్లా పాత్ర మార్చే పని ఆయనదే అయింది. చేపని కుదించుకోమని ఆయన అనలేదు.

నేను దెబ్బలు తినేదాన్ని తియ్యలేదు, కొట్టేదాన్ని తీశాను. లోకంలో మామూలుగా జరిగేది దీనికి వ్యతిరేకం. కాలేజీలో ఎవడో వేధిస్తే అమ్మాయినే చదువు మాన్పిస్తారు. పెద్ద చేపను పక్క గదిలో చిన్న ట్యాంకులో అయిదు రోజులు ఉంచాను. ఆ ట్యాంకులో కూడా ముందే సిద్ధమైన ఫిల్టరే పెట్టాను. దానికి బుద్ధొస్తుందనుకుని చూస్తే, రెండో రోజుకి అదీ నల్లబడి మూల చేరింది. మేత ముట్టలేదు. తల్లీ తండ్రీ ఒంటిమీద ఊరే జిగురు తినిపించి పిల్లల్ని సాకే జాతి అది. ఏ లోకంలో దాని పెద్దరికం ఇంత క్రూరంగా మారిందో ఆ లోకం నాది. శిక్ష వెయ్యబోతే నేరస్తుడు దొరకలేదు.

అయిదు రోజుల్లో పెద్ద ట్యాంకులో చెక్కమొద్దుల్ని అటూ ఇటూ మార్చి, మధ్యలో అడ్డుగా ఇంకోటి పెట్టాను. ఒకచోటి నుంచి చూస్తే రెండో కొస కనిపించదు. మేత రెండు మూలలా వేస్తున్నాను. తిరిగొచ్చిన పెద్దదానికి పాత సరిహద్దులు దొరకలేదు. ఆరోది ఇప్పటికీ ఆరోదే. కాకపోతే తింటోంది, దాని నుదురు నిండుతోంది. సమానత్వం వచ్చిందని చెప్పను. కింద ఉన్నదానికి కూడా బతికే వీలు దొరికింది, అంతే. ఇంకోటి దాని స్థానంలోకి దిగుతుందేమో రోజూ చూడాల్సిందే.

మనుషుల్ని చేపలతో పోల్చడం సభ్యత కాదని తెలుసు. కానీ గోడలు కట్టేవాళ్ళు మాట్లాడే తీరు అన్నిచోట్లా ఒకటే. హాస్టల్లో ర్యాగింగ్ జరిగితే "కుర్రాళ్ళు కదా, అలాగే ఉంటారు" అంటారు. పదిమంది పట్టని గదిలో ఇరవైమంది వలస కార్మికుల్ని కుక్కి, వాళ్ళు కొట్టుకుంటే "వాళ్ళ బుద్ధే అంత" అంటారు. గది కొలత ఎవరు నిర్ణయించారు, తలుపు ఎవరి చేతిలో ఉంది, అన్నం ఎన్నిచోట్ల వడ్డిస్తున్నారు అని ఎవరూ అడగరు. మనదేశం వదిలి వచ్చినవాళ్ళకి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో గీసిన గదిలో ఇమిడినవాళ్ళకి, ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

డిస్కస్ పెంచొద్దని నేననను. పదేళ్ళు, ఇంకా పైన కూడా బతికే ప్రాణి అది. నీళ్ళు మార్చే ఓపికుంటే అంత అందమైన తోడు మరొకటి ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏ రంగు బాగుంటుంది, ధరెంత, ఏం తింటుంది అని అడుగుతారు. అడగాల్సినవే. వాటితో పాటు ఇంటి దగ్గర, ట్యాంకు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడే, తమను తాము ఇంకో మాట అడిగి చూసుకోవాలి: ఆరో చేప ఎక్కడికి పోతుంది?