దుఃఖమునకు తరగతులున్నవా?

దేహమునకు వచ్చిన జబ్బును నాడి చెప్పును; మనస్సునకు వచ్చిన జబ్బును రోగి తన మాటలతో చెప్పవలెను. కనుక మానసిక వైద్యములో వినుటయే మొదటి చికిత్స. అది కలవారికిని లేనివారికిని సమముగా అందుచున్నదా యన్నది వైద్యులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

హాలింగ్స్‌హెడ్ అను సమాజశాస్త్రజ్ఞుడును, రెడ్లిక్ అను మానసిక వైద్యుడును అమెరికాలోని న్యూహేవన్ నగరమును పరిశీలించి 1958లో ఒక గ్రంథమును ప్రకటించిరి. వారు ప్రజలను ఐదు తరగతులుగా విభజించి చూచిరి. పై తరగతులవారికి సంభాషణతో చేయు చికిత్స ఎక్కువగా లభించుచుండెను. అట్టడుగువారికి షాకు చికిత్సయో, మందులో, ఆసుపత్రిలో ఊరక పడియుండుటయో ప్రాప్తించుచుండెను.

వైద్యులు క్రూరులగుటచే ఇట్లు జరుగుననుకొనరాదు. తనవలె చదివి, తనవలె మాటలాడువాని బాధ ఎవరికైనను సులభముగా బోధపడును. చదువరి "మనస్సు బాగులేదు" అనును. కూలి చేయు స్త్రీ "తల దిమ్ముగా నున్నది, గుండె దడ, నిద్ర లేదు" అనును. మొదటివాని కథ విందురు. రెండవయామెకు బలము మందు వ్రాసి పంపుదురు. ఆ తలదిమ్ము వెనుక తీరని అప్పో, పోయిన బిడ్డయో ఉండవచ్చును. అడిగెడివారున్నను, వారమువారము వచ్చి కూర్చుండుటకు ఆమె ఆనాటి కూలిని వదలుకొనవలెను.

ఈ భేదము ప్రాణములకే ముప్పు తేగలదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడియున్న 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతియైరి. వైద్యము అందని కుటుంబములకు గొలుసే దిక్కయినప్పుడు, ఆ కుటుంబములను మాత్రమే నిందించుట న్యాయము కాదు.

మారుదారి మనము చిరకాలముగా ఎరిగిన బళ్ళారి జిల్లాలోనే కనబడినది. 1980 దశకములో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ అచ్చటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును కార్యకర్తలకును శిక్షణనిచ్చి, మానసిక వైద్యమును పల్లెల చెంతకు చేర్చెను. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే మాదిరి. అయినను మాత్రను చేర్చుట సులభము. వినువానిని చేర్చుట కష్టము.

కూడు లేనివానికి ఓదార్పు మాటలేల యని కొందరందురు. ఇందులో సత్యము లేకపోలేదు. ఆకలికి వ్యాధి యని పేరు పెట్టి, కూలి పెంచుటకు బదులు బుద్ధులు చెప్పుట అన్యాయమే. కాని కూడు లేనివానికి మనస్సు కూడ లేదనుకొనుట అంతకంటె అన్యాయము. అన్నమును, ఆలకింపును రెండును అతనికి రావలసినవే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ చికిత్సలో వర్గభేదము చూపరాదనియు, రోగికి తెలియు భాషలోనే వివరములు చెప్పవలెననియు శాసించినది. ఈ రెండవ మాట మనకు ముఖ్యము. తరతరములుగా పరభాషల నడుమ నివసించు మనకు అంగడిలోను కచేరీలోను ఆ భాషలు చాలును. దుఃఖము చెప్పుకొనుటకు చాలవు. అందును మనలో చదువుకొన్నవారు ఎట్లో చెప్పుకొందురు. ఈ నగరముల వీధులూడ్చు తెలుగు కుటుంబముల మాటయేమి? వారిలో ఒకరు ఆసుపత్రి గుమ్మమెక్కినప్పుడు, వారి మాటను వైద్యునికి ఉన్నదున్నట్లు వినిపించుటకు మన సంఘముల నుండి ఒకరు తోడు వెళ్ళవలెను. భాషాసేవ యని మనము చెప్పుకొనుదానిలో ఇదియు చేరవలసియున్నది.