సగంలో వదిలిన పాట

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకునే కుర్రాళ్లు 1995లో ఫిలడెల్ఫియాలో కట్టిన బ్యాండు డిస్కో బిస్కట్స్. గిటారు, బేస్, కీబోర్డు, డ్రమ్స్ అంతా రాక్ బృందాల సరంజామాయే. వినబడేది మాత్రం డీజేలు వినిపించే ట్రాన్స్ సంగీతం, అదీ అప్పటికప్పుడు వేదిక మీదే అల్లుకున్నది. తమ బాణీని వాళ్లు ట్రాన్స్ ఫ్యూజన్ అన్నారు.

వాళ్ల అలవాటు ఒకటి నన్ను వదలడం లేదు. ఒక పాట ఎత్తుకుంటారు, ఆశువుగా వాయిస్తూ వాయిస్తూ ముగించకుండానే ఇంకో పాటలోకి వెళ్లిపోతారు. విడిచిన పాట ముగింపు ఆ రాత్రే ఎప్పుడో రావచ్చు, మరో రాత్రి మరో ఊళ్లో రావచ్చు. ఒక్కోసారి తలకిందులు: ముందు చివరి భాగం వాయించి, అక్కణ్నుంచి దారి వెతుక్కుంటూ మొదటికి వస్తారు.

మొదలుపెట్టింది ముగించాలి అని పెరిగినవాళ్లం మనం. సగంలో ఆగిన చదువు, సగం కట్టిన ఇల్లు, సగం నేర్చిన వీణ అన్నీ మనకు అప్పులే. వాళ్లకు కాకపోవడానికి కారణం ధీమా కాదు, చెవి. డ్రమ్స్ యంత్రంలా నాలుగు దెబ్బలూ సమానంగా వేస్తూ పోతుంది. దాని మీద ఒకరు నెమ్మదిగా తగ్గుతారు, అది విన్న ఇంకొకరు చోటిస్తారు. పాత పాట పోయి కొత్తది ఇంకా రాని ఆ నిమిషాల్లో ఎవరూ తొందరపడి లాగకూడదు. నిజం చెప్పాలంటే, కొన్ని రాత్రులు ఆ నడిమి భాగం విసుగు పుట్టిస్తుంది. ఆ వెలితిని భరించడం కూడా వాళ్ల విద్యలో భాగమే అనుకుంటాను.

మొదటి డ్రమ్మర్ శామ్ ఆల్ట్‌మన్ 2005లో వైద్యం చదవడానికి బ్యాండు వదిలాడు. మన ఇళ్లలో అయితే, ఆ బుద్ధేదో పదేళ్ల ముందే ఉండాల్సింది అనేవారు. ఆ పదేళ్లూ ఇతరులను వింటూ గడిపినవని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వదిలేయడం వేరు, వదిలి ఉంచడం వేరు. మన భారతమే చూడండి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. తిక్కన ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా నడిపాడు. ముగింపు ముందే వచ్చేసింది, నడుమ ఖాళీ తర్వాతి శతాబ్దం దాకా అలాగే ఉంది. ఎర్రన వచ్చి దాన్ని పూరించాడు. నన్నయ పోకడతో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన ధోరణిలోకి జారుకున్నాడని విమర్శకులు చెబుతారు. పైగా ఆ భాగాన్ని తన రాజుకు కాక, నన్నయ కొలిచిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు.